పాత బోర్డు ఫైలుకూ కొత్త డివైస్ ట్రీకీ ఒకే ఐడిల్ డ్రైవర్

నల్లగొండ బత్తాయి తోటల్లోనో పాలమూరు బోర్ల దగ్గరో సోలార్ బ్యాటరీ మీద లినక్స్ బోర్డు నడిపేవాళ్లకు, పనిలేనప్పుడు ప్రాసెసర్ ఎంత లోతుగా నిద్రపోతుందన్నది ముఖ్యం. పాత ఆర్మ్ బోర్డుల్లో ఆ వివరం సీ కోడ్‌లో, బోర్డు ఫైల్లో ఉంటుంది. కొత్తవాటిలో డివైస్ ట్రీలో (హార్డ్‌వేర్‌ను వర్ణిస్తూ కెర్నల్‌కు విడిగా అందించే ఫైల్లో) ఉంటుంది. రెండింటికీ ఒకే కెర్నల్ సరిపోవాలంటే ఐడిల్ డ్రైవర్‌ను, అంటే ఆ నిద్రను నడిపే కోడ్‌ను, ఇలా రాయండి.

ముందు బోర్డు మనదేనా అని చూడండి. డివైస్ ట్రీ ఉంటే ఆఫ్_మెషిన్_ఈజ్_కంపాటిబుల్‌తో అడిగి, కాదంటే ఈనోడెవ్ (అలాంటి పరికరం లేదు) ఎర్రర్ ఇచ్చి బయటికి రండి. ఈ తనిఖీ వదిలేస్తే డ్రైవర్ పరాయి చిప్ మీద రిజిస్టర్ అయి కూర్చుంటుంది, తర్వాత వచ్చే అసలు డ్రైవర్‌కు ఈబిజీ (ఆ చోటు ఖాళీ లేదు) ఎర్రర్ తగులుతుంది. ట్రీ లేని బోర్డులో ప్లాట్‌ఫామ్ డివైస్‌ను బోర్డు ఫైలే రిజిస్టర్ చేసి, నిద్ర స్థాయిల పట్టికను ప్లాట్‌ఫామ్ డేటాగా అందించాలి.

సున్నా స్థాయి డబ్ల్యూఎఫ్ఐ, అంటే ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగే తేలికపాటి నిద్ర. దాన్ని చేత్తోనే నింపి, ట్రీలోని స్థాయిలను చదివే డీటీ_ఇనిట్_ఐడిల్_డ్రైవర్‌ను 1 నుంచి మొదలుపెట్టమనండి. రుణాత్మక విలువ వస్తే ట్రీలోనే తప్పుంది, అక్కడే ఆగండి. పాత పట్టికకు మళ్లితే ఆ తప్పు కప్పబడిపోతుంది. సున్నా వస్తే ట్రీలో స్థాయిలే లేవు. పాత డీటీబీతో (కంపైల్ చేసిన డివైస్ ట్రీ ఫైలుతో) కొత్త కెర్నల్ బూట్ చేసినప్పుడు ఇదే ఎదురవుతుంది, పట్టిక వాడాల్సింది అప్పుడే. పట్టిక దారిలో స్టేట్_కౌంట్ (స్థాయిల సంఖ్య) మీరే పెట్టాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ ఈఇన్వాల్ (చెల్లని విలువ) ఎర్రర్‌తో పోతుంది.

లేటెన్సీ (నిద్రలోకి వెళ్లి లేవడానికి పట్టే సమయం) అంకెలు పట్టిక నుంచి ట్రీకి మార్చేటప్పుడే ఎక్కువమంది పొరపాటు పడతారు. రెండుచోట్లా మైక్రోసెకన్లే. కానీ ట్రీలో వేకప్-లేటెన్సీ-యూఎస్ ఇవ్వకపోతే ఎంట్రీ, ఎగ్జిట్ విలువలు రెండూ కలిపి డ్రైవర్ ఎగ్జిట్_లేటెన్సీగా తీసుకుంటుంది. పాత పట్టికలో మొత్తం 300 ఉంటే ట్రీలో 100, 200గా విడగొట్టండి. 300ను ఎగ్జిట్‌లో ఉంచి ఎంట్రీకి మరో 100 రాస్తే 400 అవుతుంది; లేటెన్సీ పరిమితి 350 ఉన్నచోట గవర్నర్ (ఏ స్థాయికి వెళ్లాలో ఎంచుకునే కెర్నల్ భాగం) ఆ స్థాయిని ముట్టదు.

నిద్రలో కోర్ టైమర్ ఆగిపోయే స్థాయికి ట్రీలో లోకల్-టైమర్-స్టాప్, పట్టికలో టైమర్_స్టాప్ ఫ్లాగ్ తప్పనిసరి. మరిచిపోతే బోర్డు బిగుసుకుపోయినట్టుంటుంది, సీరియల్‌లో ఒక కీ నొక్కితే కదులుతుంది. ఈ లక్షణం కనిపిస్తే వేరేచోట వెతకొద్దు.

చివరగా సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ వివరాలు చూపే /sys ఫైళ్లలో) సీపీయూఐడిల్ కింద కరెంట్_డ్రైవర్ పేరు చూడండి. ప్రతి కోర్‌లో స్టేట్1 యూసేజ్ (ఆ స్థాయిలోకి ఎన్నిసార్లు వెళ్లిందన్న లెక్క) పెరుగుతుండాలి. అనుమానమున్న స్థాయిని డిసేబుల్ ఫైల్లో 1 రాసి పక్కన పెట్టొచ్చు, రీబూట్ అక్కర్లేదు.