కొత్త కొట్టు ఐపీ దారి పడుతోందా? ముందే పట్టుకునే గుర్తులు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో కొట్టు తెరిచిన మన తెలుగువాళ్లు మొదటి రెండేళ్లు లాభం కంటే ముందు చూసుకోవాల్సింది, పెట్టిన రూపాయి ఎన్నాళ్లకు గల్లాకు తిరిగొస్తోందో. దివాలా ముప్పును లెక్కగట్టే ఆల్ట్‌మన్ జెడ్ స్కోరు ఉంది కానీ, 1968లో దాన్ని 66 తయారీ కంపెనీల లెక్కల నుంచి కట్టారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన లాభాన్నీ అది కొలుస్తుంది. కొత్త కొట్టుకు ఆ నిల్వే ఉండదు.

సమస్య: బేరాలు బాగున్నాయి, గల్లాలో డబ్బు లేదు

కారణం: ఒక హార్డ్‌వేర్ కొట్టు లెక్క చూద్దాం. విశాఖ నుంచి సరుకు 15 రోజుల అరువు మీద వస్తుంది. అమ్ముడుపోవడానికి 40 రోజులు, బాకీ వసూలుకు మరో 30. అంటే 55 రోజుల సరుకు మీ సొంత డబ్బుతో నడవాలి. రోజుకు 6,000 రూపాయల సరుకు కొంటే 3,30,000 కావాలి. అంత లేక నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 9,900. బేరం పెరిగే కొద్దీ ఈ అప్పూ పెరుగుతుంది. చాలామంది మునిగేది ఇక్కడే.

పరిష్కారం: వారానికోసారి అరువు పుస్తకం తీసి 30 రోజుల లోపు బాకీలు, 60 లోపువి, ఆపైవి విడగొట్టండి. 60 దాటినవాళ్లకు పాతది తీరేదాకా కొత్త సరుకు ఇవ్వకండి, బావమరిది అయినా సరే. కదలని సరుకు కొన్న ధరకే వదిలించుకోండి. 55 రోజులు 40కి దిగితే 90,000 చేతికొస్తుంది.

సమస్య: ఆంధ్రా పార్టీ బిల్లు తేల్చడం లేదు

పరిష్కారం: మీది తయారీ లేదా సేవల యూనిట్ అయి, సరుకు పంపేనాటికే ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉంటే, రాతపూర్వక ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు రావాలి. రాకపోతే కేంద్ర ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. కొన్నవాడు పాతపట్నంలో ఉన్నా, మీ యూనిట్ ఒడిశాలో ఉంటే ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఇక్కడి ఫెసిలిటేషన్ కౌన్సిలే విచారిస్తుంది. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ రక్షణ లేదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో (అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్నవారు రాష్ట్ర సరిహద్దు అవతలికి సరుకు అమ్మకూడదు. పన్ను, జరిమానా మీద పడితే కొత్త కొట్టు తట్టుకోలేదు.

సమస్య: ఒక కిస్తీ కట్టడానికి ఇంకో అప్పు

కారణం: ఆరేళ్లు వాడే షెడ్డుకో, మిషనుకో ఏడాదిలో తీర్చాల్సిన అప్పు పెట్టడం.

పరిష్కారం: కిస్తీ 90 రోజులు దాటితే ఖాతా బ్యాంకు లెక్కలో ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. తొలి 30 రోజుల్లోనే మేనేజర్ దగ్గరికి లెక్కల పుస్తకంతో వెళ్లి గడువు పెంచమని అడగండి. దయచేసి మొహం చాటేయకండి.

ఇవేవీ పనిచేయకపోతే 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద ఐపీ ఉంది. సొంత పేరున నడిపే కొట్టు అప్పంటే మీ అప్పే, ఇల్లూ లెక్కలోకి వస్తుంది. భయపడి ఇల్లు ఊరికే భార్య పేర రాయకండి. రాసిన రెండేళ్లలోపు పిటిషన్ పడి దివాలా తేలితే ఆ బదిలీ చెల్లకుండా పోవచ్చు. ముందు లాయరును కలవండి, అప్పులవాళ్ల జాబితా మొత్తం పట్టుకెళ్లండి, చేబదుళ్లతో సహా.