పియానో మూత తీయకుండా పాఠం నేర్చుకోవడం

మేముండేది జర్మనీలోని హానోవర్‌లో, అపార్ట్‌మెంట్‌లో. రాత్రి 10 దాటితే పియానో ముట్టుకోవడానికి లేదు. పాప నిద్రపోయాక నాకు తీరిక దొరికేదేమో అప్పుడే. అందుకే పియానో విద్వాంసుడు వాల్టర్ గీసెకింగ్ పద్ధతి పట్టుకున్నాను. 1895లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జర్మన్ దంపతులకు పుట్టిన ఆయన పియానో నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, కార్ల్ లైమర్ దగ్గర. గురుశిష్యులిద్దరూ 1931లో తమ సాధన పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. వేళ్లు కదలకముందే నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చూసి పాఠం కంఠతా రావాలన్నది వాళ్ల పట్టుదల. గీసెకింగ్ తర్వాత సార్‌బ్రూకెన్‌లో 1947 నుంచి చివరిదాకా, అంటే 1956 దాకా, పాఠాలు చెప్పారు.

జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన చిన్న పాట, సి మేజర్ ఇన్వెన్షన్‌తో మొదలుపెట్టండి. మొత్తం 22 బార్లే (బార్ అంటే తాళం ప్రకారం విడగొట్టిన చిన్న భాగం). ముందు మొదటి బార్ ఒక్కటే చూడండి. చిటికెడు విరామం ఇచ్చి కుడిచేయి ఎత్తుకుంటుంది: సి డి ఇ ఎఫ్ డి ఇ సి, ఆపైన జి. సరిగమలు వచ్చినవాళ్లు స రి గ మ రి గ స, ప అని పాడుకోవచ్చు. నేను అలాగే పాడుకుంటాను. సగం బార్ గడిచాక ఎడమచేయి అదే మాటను, అంటే ఈ స్వరాల వరుసను, కింది స్థాయిలో అందుకుంటుంది. రెండో బార్‌లో కుడిచేయి దాన్నే జి నుంచి పలుకుతుంది. మూడో బార్‌లో అది తలకిందులవుతుంది, ఎక్కిన మెట్లన్నీ దిగుతుంది.

ఆ మూడో బార్‌లోనే ఎడమచేయి నన్ను చాలా రోజులు ఏడిపించింది. ఎన్నిసార్లు వాయించినా మర్చిపోయేదాన్ని. ఒకరోజు ట్రామ్‌లో కాగితం మీద చూస్తుంటే తెలిసింది: బి సి డి ఇ, మాట మొదట్లోని నాలుగు మెట్లే, సగం వేగంతో. ఆ తర్వాత మళ్లీ తప్పలేదు.

ఇలా చూసిన బార్‌ను కళ్లు మూసుకుని లోపల వినండి. ఏ వేలు ఎక్కడ పడుతుందో కూడా ఊహించండి. తర్వాత చూడకుండా ఖాళీ కాగితం మీద రాయండి. ఆగిన చోటు మాత్రమే తెరిచి చూడాలి. రోజుకు మూడు బార్లు చాలు, ఎక్కువైతే కలగాపులగం అవుతుంది. ఏడో బార్ మొదట్లో పాట జి మీద వాలుతుంది, అక్కడ ఒకరోజు ఆగి వెనక్కి చూసుకోండి.

అన్నీ వచ్చాక సెలవు రోజు పగటిపూట మూత తీయండి. బాగా నెమ్మదిగా, ప్రతి స్వరాన్నీ చెవితో పట్టుకుంటూ వాయించండి. తప్పు పడితే వెంటనే మళ్లీ కొట్టొద్దు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఆ బార్ లోపల సరిగ్గా వినిపించాకే వేళ్లు ఎత్తండి.