చదువు లోను: దరఖాస్తు నుంచి ఇంటి పత్రాలు తిరిగి చేతికొచ్చే దాకా

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైందంటే గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటికి తల్లిదండ్రుల రాక మొదలవుతుంది. బ్యాంకులో చదువు లోన్ల సీట్లో చాలా ఏళ్లు కూర్చున్నదాన్ని, రిటైరయ్యాక కూడా అడిగేవాళ్లు తగ్గలేదు. అందరూ ముందు అడిగేది "మేడం, ఎంతొస్తుంది?" అనే. చదివే నాలుగేళ్లూ ఆ లోనుని ఎలా చూసుకోవాలో అడిగేవాళ్లు తక్కువ. పిల్లల నెత్తిన చివరికి ఎంత పడుతుందో తేలేది మాత్రం అక్కడే.

ముందు వడ్డీ సంగతి చెప్తాను. మన వైపు వడ్డీ అంటే నూటికి నెలకెంత అనే లెక్క. బ్యాంకు చెప్పేది ఏడాది లెక్క. బ్యాంకు పది శాతం అందంటే మన భాషలో నూటికి 83 పైసలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ‘పది’ అనే మాటకి బెదిరి, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయలకి తెచ్చి ఫీజు కట్టినవాళ్లని చూశాను. దయచేసి అలా చేయకండి.

ఎంతకి ఏం అడుగుతారంటే, బ్యాంకుల సంఘం ఐబీఏ నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చేస్తే చాలు, ఆస్తి పెట్టక్కర్లేదు. 4 నుంచి 7.5 లక్షల దాకా వేరొకరి హామీ సంతకం అడగొచ్చు. ఆపైన ఆస్తి తనఖా. పేరున్న కాలేజీల్లో సీటొస్తే కొన్ని బ్యాంకులు అంతకన్నా ఎక్కువ కూడా తనఖా లేకుండా ఇస్తాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, వాళ్ల జాబితాలో ఉన్న కాలేజీ అయితే తనఖా, హామీ రెండూ అక్కర్లేదు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో కన్సల్టెన్సీని అడగడం కాదు, విద్యాలక్ష్మి పోర్టల్‌లో మీరే చూడండి.

దరఖాస్తు కూడా ఆ పోర్టల్‌లోనే పెట్టండి. అప్పుడు మీ కాగితం ఎక్కడ ఆగిందో కనబడుతుంది. కౌంటర్లో నోటిమాటగా ‘మా బ్రాంచిలో ఇవ్వట్లేదండీ’ అంటే వెనక్కి వచ్చేయకండి, ఎందుకు కాదో రాతపూర్వకంగా అడగండి. టెన్త్, ఇంటర్ మార్కుల లిస్టులు, ర్యాంకు కార్డు, అలాట్‌మెంట్ ఆర్డరు, అన్ని సంవత్సరాల ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద, పిల్లలదీ మీదీ ఆధార్, పాన్ సిద్ధంగా ఉంచుకోండి. ఆదాయ ధ్రువపత్రానికి మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో ముందే పెట్టుకోండి, ఆఖర్న ఆలస్యమయ్యేది అదే. ఫీజు వివరంలో హాస్టలు, పుస్తకాలు, ల్యాప్‌టాప్ కూడా రాయించండి. మొదట్లో రాయించనిది తర్వాత ఇప్పించుకోవడం కష్టం.

తనఖా దాకా వెళ్తే పొలం కాగితాలు పట్టుకెళ్లే ముందు ఒక్క మాట. బాకీ వసూలుకి బ్యాంకులు వాడే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందుకే ఐదెకరాల మాగాణి చూపించినా మేనేజరు ఊళ్లో ఇల్లుందా, స్థలముందా అని అడుగుతాడు. అది మిమ్మల్ని తక్కువ చేయడం కాదు. ఇంటికైతే ఒరిజినల్ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు యజమానుల పత్రాలు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితం) కావాలి, ఆ తర్వాత లాయరు ఒపీనియను, వాల్యుయేషను. తాతగారి పేరునే ఉండిపోయిన ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అలాంటిదైతే సీటొచ్చే దాకా ఆగొద్దు, పిల్లలు సెకండ్ ఇంటర్లో ఉండగానే పత్రాలు సరిచేయించుకోండి.

శాంక్షన్ అయ్యాక డబ్బు ఒక్కసారే మీ చేతికి రాదు, ఏడాదికోసారి కాలేజీ ఖాతాకి పోతుంది. ప్రతి ఏడూ పాసైన మార్కులూ, ఫీజు డిమాండు కాగితమూ బ్రాంచిలో ఇవ్వాలి. విడుదలైనంత వరకే వడ్డీ పడుతుంది. కాబట్టి ఈ ఏడు ఫీజు మీరే కట్టగలిగితే ఆ విడత తీసుకోకండి.

ఇక అసలు విషయం. చదువుకాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. వడ్డీ మాత్రం మొదటి విడత పోయిన రోజు నుంచే నడుస్తుంది. లెక్క వేసి చూపిస్తాను. ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్లకి 8 లక్షలు, పది శాతం బారు వడ్డీ. మొదటి 2 లక్షల మీద అయిదేళ్లకి లక్ష, రెండో విడత మీద 80 వేలు, మూడోదాని మీద 60, నాలుగోదాని మీద 40. మొత్తం 2,80,000. ఇది అసలులో కలిసి, ఉద్యోగంలో చేరిన పిల్లాడి ముందు 10,80,000 నిలబడుతుంది. పదేళ్లకి వాయిదా నెలకి దాదాపు 14,270. ఆ వడ్డీ ఎప్పటికప్పుడు కట్టేసి ఉంటే అసలు 8 లక్షలే, వాయిదా 10,570 దగ్గర. నెలకి తేడా 3,700, పదేళ్లలో 4,44,000. మొదటి ఏడాది మీరు కట్టాల్సింది నెలకి 1,667 రూపాయలే. రెండో ఏడు 3,333, అలా పెరుగుతుంది. పైగా చదువుకాలంలో వడ్డీ కట్టినవాళ్లకి ఒక శాతం దాకా తగ్గించే వెసులుబాటు నమూనా పథకంలో ఉంది. శాంక్షన్ లెటర్లో అది ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి.

నెలజీతం లేనివాళ్లు ఎలా కడతారని అడుగుతారు. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చేవాడు, కూతురు ఇంజినీరింగు. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్మి, ఆ డబ్బు ఖాతాలో పడగానే నేరుగా మా కౌంటరుకొచ్చి "అమ్మా, పిల్ల వడ్డీ ఎంతైందో చెప్పండి" అనేవాడు. ఆ ఏడాదిదంతా ఒక్కసారి కట్టేసి, మిగతాది ఎరువుల కొట్టుకి పట్టుకెళ్లేవాడు. నెలనెలా కట్టాలని రూలు లేదు, చేతిలో డబ్బున్నప్పుడు కట్టొచ్చు. కట్టినది వడ్డీకి జమైందని స్టేట్‌మెంట్ తీసుకుని చూసుకోండి.

కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి విద్య అయితే మారటోరియం కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. 8 లక్షల లోపు అయితే విద్యాలక్ష్మి కింద 10 లక్షల దాకా లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ. వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తుంటే ఆ 3 శాతం రాదు, కాబట్టి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు ముందే తేల్చుకోవాలి. చదువు మధ్యలో మానేస్తే సబ్సిడీ పోతుంది.

ఆదాయపు పన్నులో (1961 చట్టంలో ఇది సెక్షన్ 80ఈ) కట్టిన వడ్డీ మొత్తానికి మినహాయింపు ఉంది, పరిమితి లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి ఎనిమిదేళ్లే వస్తుంది.

వాయిదాలు మొదలయ్యే ముందు పిల్లల్ని బ్రాంచికి తీసుకెళ్లి, ఫోన్ నంబరు, ఈమెయిలు, అడ్రసు మార్పించండి. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం, నోటీసులేమో గుంటూరు పాత అద్దింటికి వెళ్తుంటాయి. ఇలా ఎందరికో తెలియకుండానే బాకీ పడింది. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. అప్పుడు దెబ్బ పిల్లల సిబిల్ స్కోరుకే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నకీ తగులుతుంది. ఉద్యోగం రాకపోయినా, పోయినా, వాయిదా తప్పకముందే రాతపూర్వకంగా గడువు అడగండి. నమూనా పథకంలోనే దానికి వీలుంది. మొహం చాటేయకండి, ముందే వచ్చి చెప్పుకున్నవాళ్లకి ఏదో ఒక దారి దొరకడం నేను చూశాను. మీరు రాసిచ్చిన ఫిర్యాదుకి బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఫీజేమీ లేదు.

చేతిలో డబ్బుంటే ముందే కట్టేయండి. ఫ్లోటింగ్ రేటు (మారే వడ్డీ) లోనుకి దాని మీద జరిమానా వేయకూడదు. బాకీ తీరగానే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. తనఖా పెట్టిన ఒరిజినల్ పత్రాలు 30 రోజుల్లో తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మీకు చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. లింకు డాక్యుమెంట్లతో సహా ప్రతి కాగితం మీరిచ్చిన జాబితాతో సరిచూసుకున్నాకే సంతకం పెట్టండి. తనఖా రిజిస్టరు చేయించి ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రద్దు చేయించి కొత్త ఈసీ తీయండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా క్లోజ్ అయినట్టు ఉందో లేదో చూసుకోండి.