టిఫిన్ అంగడి యజమాని తీవ్రంగా జబ్బుపడితే వ్యాపారాన్ని మరొకరికి అప్పగించడం ఎలా?

తిరుపతి కొర్లగుంట, బైరాగిపట్టెడ వీధుల్లో గానీ, చిత్తూరు బస్టాండు చుట్టుపక్కల గానీ, తెల్లారకముందే పొయ్యి వెలిగే చిన్న టిఫిన్ అంగడి ఒకే మనిషి మీద నడుస్తుంది. లైసెన్సు ఆయన పేరుతో ఉంటుంది. బ్యాంకు ఖాతా ఆయనది, ఇడ్లీ పిండి కొలత ఆయన గుప్పిటిది, ఎవరెంత బాకీ అన్నది ఆయన బుర్రలోని లెక్క. కిడ్నీలు పని చేయడం లేదనో, క్యాన్సర్ అనో తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలోనో, వేలూరు సీఎంసీలోనో చెప్పిన రోజున ఇంట్లో ఎవరికీ అంగడి గుర్తుకు రాదు. అది సహజం. కానీ వైద్యానికి, ఇంటికి డబ్బు రావాల్సింది కూడా ఆ అంగడి నుంచే కాబట్టి, మొదటి నెలలోనే కొన్ని పనులు మొదలుపెట్టాలి.

పనుల వరస ముఖ్యం. చాలా కుటుంబాలు మొదట లైసెన్సు ఆఫీసుల చుట్టూ తిరుగుతాయి. లైసెన్సు తర్వాతయినా తీసుకోవచ్చు. యజమాని సంతకం, ఆయన మాట, ఆయన చేతి కొలత మాత్రం తర్వాత దొరకవు. అందుకే మనిషితోపాటు ఆగిపోయే పనులు ముందు చేయండి.

1. ఎవరికి అన్నది యజమాని నోటనే రావాలి

ఆయన మంచం పక్కన నిలబడి, ఆయన లేనట్టుగా అంగడి గురించి మాట్లాడకండి. అడగండి, చెప్పనివ్వండి. డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలదాకా పడుతుంది. ఆ సాయంత్రం మనిషి నీరసించిపోతాడు, కాబట్టి మర్నాడు పొద్దున కూర్చోండి. కీమో ఎక్కించిన మొదటి కొన్ని రోజులు అసలు కదిలించొద్దు. ఒక విడతకు అరగంట, ఒకే విషయం. ఈరోజు బాకీలయితే బాకీలే.

భార్యకా, కొడుక్కా, కూతురికా, ఏళ్ళ తరబడి పనిచేస్తున్న వంట మాస్టర్‌కా, లేక అమ్మేయడమా అన్నది తేలాక, ఆ మాట ఇంట్లో అందరూ ఉండగా ఆయనే చెప్పాలి. అత్తగారింట్లో ఉన్న ఆడపిల్లలను కూడా పిలవండి. వీలునామా లేకుండా కన్నుమూస్తే హిందూ కుటుంబంలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి అందరికీ సమాన వాటా ఉంటుంది. పదేళ్ళు పొయ్యి దగ్గర నిలబడిన కొడుక్కీ, బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుక్కీ చట్టం ముందు తేడా లేదు. తేడా ఉండాలని యజమాని అనుకుంటే రాసిపెట్టాల్సిందే.

2. సంతకం పెట్టగలిగినప్పుడే చేయాల్సినవి

వీలునామాకు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్ళు ఆయన సంతకం పెట్టడం చూసి, ఆయన ముందు తామూ సంతకం పెట్టాలి. ఆస్తి అందుకునేవాళ్ళు సాక్షులుగా ఉండకపోవడం మంచిది. అంగడి సామాను ఏమేమిటో పేరుపేరునా రాయండి: గ్రైండర్లు, ఇడ్లీ పాత్రలు, దోసె పెనం, ఫ్రిజ్, అద్దె అడ్వాన్స్, అంగడి పేరు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే తర్వాత గొడవలు తక్కువ. మంచం దిగలేని మనిషయితే ఆ కారణం చూపి దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రారే ఇంటికి వచ్చి రిజిస్టరు చేసే వీలు చట్టంలో ఉంది. మనిషికి తెలివి, స్పృహ బాగానే ఉన్నాయని వైద్యం చేస్తున్న డాక్టరు దగ్గర అదే రోజు తేదీతో సర్టిఫికెట్ తీసుకుని వీలునామాతో కలిపి ఉంచండి. రేపు ఎవరయినా 'మత్తులో ఉంటే రాయించుకున్నారు' అంటే అడ్డుపడేది ఆ కాగితమే.

తర్వాత బ్యాంకు. కరెంటు ఖాతాకు నామినీ ఉందో లేదో చూడండి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్ ఖాతాలకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే తప్ప సొంతదారు కాదు. వారసుల వాటా అలాగే ఉంటుంది. ఆయన బతికుండగా ఖాతా నడపడానికి వేరొకరికి అధికారమిచ్చే మ్యాండేట్ ఫారం బ్యాంకులోనే ఇస్తారు. ఆ అధికారమయినా, ఆయన తరఫున పనులు చేసేందుకు రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) అయినా ఆయన ఊపిరి ఉన్నంతవరకే చెల్లుతుంది. 'జీపీఏ ఉంది కదా, వీలునామా ఎందుకు' అనుకుని ఆగిపోయిన కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి.

చేయి వణికి సంతకం కలవకపోతే బ్యాంకులో వేలిముద్ర తీసుకుంటారు. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళలో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. బ్రాంచి మేనేజరుకు పరిస్థితి ముందే చెప్పి పెట్టుకోండి.

గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ సంగతి అందరూ మరిచేది. అది ఆయన ఖాతాకు, ఆయన ఫోన్ నంబరుకు ముడిపడి ఉంటుంది. మరణం సంగతి తెలిశాక బ్యాంకు ఖాతా ఆపేస్తుంది. ఆ తర్వాత వసూలయిన డబ్బు కౌంటరుకు అందదు, అప్పటికే ఖాతాలో పడింది క్లెయిమ్ తేలేదాకా అక్కడే ఉంటుంది. కొత్త మనిషి పేరుతో ఖాతా తెరిచి, కొత్త క్యూఆర్ తెచ్చి, పాతదాన్ని గోకి తీసేయండి. పక్కన వేలాడదీస్తే పాత అలవాటు కొద్దీ జనం దానికే కొడతారు. ఆయన సిమ్ మాత్రం రీచార్జి చేస్తూ బతికించి ఉంచండి. ఆధార్, గ్యాస్, లైసెన్సు ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

3. బాకీలు, ప్రోనోట్లు, చీటీలు

ఒక పాత నోట్‌బుక్ తీసుకుని, ఎడమ పేజీలో మనకు రావాల్సినవి, కుడి పేజీలో మనం ఇవ్వాల్సినవి ఆయన చెబుతుంటే రాయండి. నెల ఖాతా పెట్టి తినే హాస్టల్ పిల్లలు, ఆటోవాళ్ళు, ఎదురింటి కుట్టుమిషన్ ఆయన ఎడమవైపు. బియ్యం మండీ, పాలు, కూరగాయలు, గ్యాస్, మాస్టర్‌కు ఇవ్వాల్సిన కూలి కుడివైపు. మాస్టర్ తీసుకున్న అడ్వాన్స్ ఎడమవైపుకు వస్తుంది. రాసిన ప్రతి పేజీ కింద ఆయన సంతకం, తేదీ.

డైలీ ఫైనాన్స్ అప్పులు విడిగా రాయండి. ఎవరి దగ్గర ఎన్ని ఖాళీ చెక్కులు, ఎన్ని ప్రోనోట్లు సంతకం పెట్టి ఇచ్చారో అడగండి. తీరిపోయిన అప్పుల నోట్లు వెనక్కి తెచ్చి చింపేయండి. చేతిలో డబ్బుంటే ముందు తీర్చాల్సినవి ఈ అప్పులే. తండ్రి అప్పుకు వారసులు ఆయన నుంచి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు, సొంత జేబులోంచి కట్టాల్సిన పని లేదు. కానీ 'నోటు పేరు మార్చి నువ్వు సంతకం పెట్టబ్బా' అని వచ్చినవాళ్ళ మాట విని కొడుకు కొత్త నోటు మీద సంతకం పెడితే అది అతని సొంత అప్పయిపోతుంది. దుఃఖంలో ఉన్న ఇంటికి వచ్చి అడిగేది ఇదే. ఆ వారంలో ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి.

యజమాని చీటీ పాట నడుపుతుంటే సభ్యుల పేర్లు, ఎవరు పాడుకున్నారు, ఎన్ని నెలలు మిగిలాయి అన్నది రాసి, ఇద్దరు సభ్యులకు చూపించండి.

4. లైసెన్సులు

వీటిలో చాలావరకు పేరు మార్పిడి కుదరదు, కొత్తవే తీసుకోవాలి. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పాన్, ఆధార్ మీద నడుస్తుంది. కొత్త మనిషి ఉచితంగా కొత్తది తీసుకోవచ్చు, డబ్బులడిగే వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. జీఎస్టీ ఉంటే అదీ అంతే: కొత్త నంబరు తీసుకుని, పాతదాని రద్దుకు 30 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. చేతులు మారేనాటికి పన్ను బాకీ ఉంటే ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ ఇద్దరూ బాధ్యులు, కాబట్టి ముందు పాత రిటర్నులన్నీ వేయించండి.

ఆహార భద్రత లైసెన్సు విషయంలో ఒక వెసులుబాటు ఉంది. యజమాని చనిపోతే ఆ సర్టిఫికెట్ కుటుంబసభ్యుల కోసం 90 రోజులు చెల్లుతుంది, ఆలోపు కొత్తదానికి దరఖాస్తు పెట్టాలి. బతికుండగా అప్పగిస్తుంటే మాత్రం ఆ 90 రోజుల లెక్క లేదు, కొత్త మనిషికి మొదటి రోజు నుంచే తన పేరుతో సర్టిఫికెట్ ఉండాలి. ట్రేడ్ లైసెన్సు కార్పొరేషన్‌ది, వార్డు సచివాలయంలో అడగండి. గ్యాస్ 19 కేజీల కమర్షియల్ కనెక్షన్ పేరు మార్చండి. ఇంటి సిలిండర్ అంగడిలో వాడితే తనిఖీలో పట్టుబడేది కొత్త మనిషే. కరెంటు మీటరు ఎక్కువగా భవనం యజమాని పేరుతోనే ఉంటుంది, ఒకసారి బిల్లు చూసుకుంటే చాలు.

అద్దె ఒప్పందం మాత్రం ఆలస్యం చేయొద్దు. భవనం ఆయనకు సంగతి మీరే చెప్పి, అడ్వాన్స్ ఎంత ఉందో కొత్త ఒప్పందంలో రాయించండి. పాత ఒప్పందం చేతిలో లేక, ఇచ్చింది యాభై వేలా, లక్షా అన్నది నోటిమాటగా మిగిలితే తర్వాత తేల్చడం కష్టం. అంగడి కార్పొరేషన్‌ది గానీ దేవస్థానానిది గానీ అయితే సొంతంగా చేతులు మార్చేయకండి. ముందు ఆ ఆఫీసులో అడిగిన తర్వాతే మిగతా పని.

5. చేతి కొలతను కాగితం మీదికి తేవడం

జనం వచ్చేది రుచి కోసం. 'గుప్పెడు మెంతులు, కంటికి సరిపడా నీళ్ళు' అని రాసుకుంటే ఎవరికీ పనికిరాదు. గ్రాము చూపే ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొనండి. మెంతుల డబ్బా త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. ఆయనను అలవాటుగా తీసినంత తీయమనండి. త్రాసు మైనస్‌లో చూపే అంకే ఆయన గుప్పెడు. మూడుసార్లు తీయించి సగటు రాసుకోండి. మంచం మీద ఉన్న మనిషి కూడా ఇది చేయగలడు, చాలామంది ఇష్టంగా చేస్తారు. ఉప్పు, ఇంగువ, పోపు దినుసులు అన్నిటికీ ఇదే పద్ధతి. నీళ్ళకు లీటరు గీతలున్న మగ్గు వాడండి.

ఇడ్లీ పిండికి ఒక నమూనా: నాలుగు కేజీల ఇడ్లీ బియ్యం, కేజీ మినపగుండ్లు, 20 గ్రాముల మెంతులు. మీ అంగడి లెక్క దీనికి అటూ ఇటూ ఉంటుంది, ఉండాలి కూడా. అంకెల పక్కనే 'ఎందుకు' అన్నది కూడా అడిగి రాయండి. గుండ్లు రుబ్బేటప్పుడు వేడెక్కితే పిండి సరిగా పొంగదు, అందుకే చల్లని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తారు. పాత గుండ్లు నీళ్ళు తక్కువ తాగుతాయి, నురగ తక్కువ వస్తుంది. అప్పుడు ఇడ్లీ గట్టిపడుతుంది. కొత్తవాళ్ళు దానికి సోడా ఉప్పు వేస్తారు, రుచి అక్కడే పోతుంది. మే నెల తిరుపతి ఎండలో ఆరేడు గంటల్లో పిండి పులిసిపోతుంది, డిసెంబరులో పది పన్నెండు గంటలు కావాలి. కాబట్టి రుబ్బే వేళ కాలాన్ని బట్టి మారుతుంది. ఎండాకాలం వేళ, చలికాలం వేళ విడిగా రాసి గ్రైండర్ పైన గోడకు అంటించండి.

వీడియో తీస్తే ఆయన ముఖం కాదు, మూకుడు, చేతులు కనపడేలా తీయండి. పోపులో ఆవాలు చిటపటలాడాక ఎంతసేపటికి కరివేపాకు వేస్తారన్నది మాటల్లో రాదు.

రుచి చూపించడానికి గిన్నెలు ఇంటికి పంపేముందు డాక్టరును అడగండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పు, పొటాషియం మీద కట్టడి ఉంటుంది. సాంబారు, కొబ్బరి చట్నీ రెండూ వాళ్ళకు మంచివి కావు. కీమో తీసుకునేవాళ్ళకు నాలుక రుచే మారిపోతుంది, 'ఉప్పు చాల్లేదు' అన్న మాట పట్టుకుని మార్చేయకండి. రోజూ వచ్చే పాత గిరాకీలు ఇద్దరిని పిలిచి రుచి అడగండి, వాళ్ళ నాలుకకు పాత సాంబారు గుర్తుంటుంది.

6. గిరాకీకి ఏం చెప్పాలి

'అన్న ఎట్లుండాడు?' అని పొద్దున్నే పదిమంది అడుగుతారు. ఎంతవరకు చెప్పాలో యజమానిని అడిగి, కౌంటర్లో ఉన్న అందరూ ఒకే మాట చెప్పండి. 'అన్నకు ఒంట్లో బాలేదు సామీ, ఇకమీద నేనే చూసుకుంటా' అంటే చాలు. జబ్బు పేరు, ఖర్చు లెక్కలు గిరాకీకి అక్కర్లేదు. ఆయన ఓపికగా ఉన్న రోజు ఒక గంట అంగడికి తెచ్చి కూర్చోబెట్టి, మండీ వాళ్ళకు, పాలాయనకు కొత్త మనిషిని ఆయన చేతనే చూపించండి. అరువు సరుకు ఇచ్చేవాళ్ళకు ఆ మాట కాగితం కన్నా ఎక్కువ.

మొదటి మూడు నెలలు ధరలు, మండీ, సాంబారు ఏవీ మార్చొద్దు. మాస్టర్‌తో మొదటి రోజే కూలి, సెలవులు మాట్లాడుకోండి. ఈ సమయంలో పక్క హోటల్ వాళ్ళు ఆయనను ఎక్కువ కూలికి పిలుస్తారు. రోజు గల్లాలోంచి ఆస్పత్రి ఖర్చుకు తీసే డబ్బును వేరే గడిలో రాయండి. రాయకపోతే అంగడి లాభంలో ఉందో నష్టంలో ఉందో నెలాఖరుకు ఎవరికీ తెలియదు.

7. మధ్యలోనే మనిషి పోతే

మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించి సర్టిఫికెట్ కాపీలు ఎక్కువే తీసుకోండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఆయన ఏటీఎం కార్డు, యూపీఐ పిన్ తెలుసు కదా అని డబ్బు తీయకండి, మిగతా వారసులతో తగవు అక్కడే పుడుతుంది. నామినీ ఉంటే, కాగితాలన్నీ ఇచ్చిన 15 రోజుల్లో బ్యాంకు క్లెయిమ్ తేల్చాలి. ఆ ఏడాది ఆయన ఆదాయపు పన్ను రిటర్ను వేయాల్సి ఉంటే, వారసుల్లో ఒకరు పోర్టల్లో చట్టబద్ధ వారసులుగా నమోదయి వేయాలి.

ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకపోతే మొదట మాస్టర్‌ను అడగండి. ఆయన దగ్గర ఒక్కసారిగా ఇచ్చే డబ్బు ఉండదు. సామాను, అడ్వాన్స్, పేరు విడివిడిగా వెలకట్టి, కొంత ముందు, మిగతాది నెలనెలా ఇచ్చేలా రాసుకోండి. చివరి వాయిదా కట్టేదాకా గ్రైండర్లు, ఫ్రిజ్ కుటుంబానివేనని అందులో ఉండాలి. వాయిదాలు యజమాని భార్య ఖాతాలోకే వెళ్ళాలని కూడా రాయించండి.