పౌడర్ స్కీలు అద్దెకు తీసుకునే ముందు వాటి నడుము కొలత చూడండి

గుల్మార్గ్‌లో గొండోలా (కేబుల్ కార్) రెండో దశ ఎక్కి అఫర్వాట్ కొండ మీద లోతైన మెత్తటి మంచులో (దాన్నే పౌడర్ అంటారు) స్కీల మీద దిగాలనుకునేవాళ్లు, అద్దె షాపువాళ్లు చేతిలో పెట్టిన స్కీలు అలాగే తీసుకోకండి. స్కీ మీద మూడు అంకెలు అచ్చువేసి ఉంటాయి, 138-112-128 లాగ. మధ్యది స్కీ నడుము, అంటే నడిమి భాగం వెడల్పు, మిల్లీమీటర్లలో. చదును చేసిన దారుల మీద వాడే స్కీలకు అది 70-85 ఉంటుంది. అవి మెత్తటి మంచులో కూరుకుపోతాయి. 105 పైన ఉన్నవే అడగండి.

తర్వాత రెండు స్కీల అడుగులు ఎదురెదురుగా ఆనించి, పక్కనుంచి చూడండి. కొసల వైపు రెండూ ఎంత ముందుగా విడిపోతే అంత రాకర్ (కొసలు పైకి వంగి ఉండటం) ఉన్నట్టు. ముందూ వెనకా అలా లేచి ఉన్న స్కీ ఇట్టే తిరుగుతుంది, పక్కకు జారించడం కూడా సులువు. నిజంగా భలే సరదాగా ఉంటుంది! కాకపోతే గట్టి మంచు మీద దాని అంచు తక్కువే ఆనుతుంది, పొట్టిగా అనిపిస్తుంది. అందుకే మామూలుగా వాడే దానికన్నా 5-10 సెంటీమీటర్లు పొడవున్నది తీసుకోండి.

వెనక్కి వాలమని చాలామంది చెబుతారు. వెడల్పు స్కీలకు ఆ అవసరం లేదు, తొడలు పట్టేయడం తప్ప. మధ్యలో నిలబడి బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంచండి. జనం తొక్కి గడ్డలుగా మారిన మంచులోనైతే మోకాళ్లు వదులుగా పెట్టి, మలుపులు పెద్దవిగా తిప్పండి.

స్కీ గస్తీ సిబ్బంది ఉండే హద్దు దాటి వెళ్లేటట్టయితే బీకన్ (మంచు కింద చిక్కినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార, వాటిని వాడటం వచ్చిన తోడు లేకుండా కదలొద్దు. అక్కడ మంచు చరియలు విరిగిపడే ప్రమాదం ఎక్కువ.