మందు డోసుకి, విషం డోసుకి మధ్య గ్యాప్ ఎంతుందో లెక్క కట్టడం ఎలా

బెంగళూరులో ఫార్మసీ చదివే మన అనంతపురం, చిత్తూరు పిల్లలు చాలామంది థెరప్యూటిక్ ఇండెక్స్ (ఈ గ్యాప్‌ని చూపే నంబర్) అనగానే టీడీ50ని (సగం మందిలో విష లక్షణాలు తెచ్చే డోసు) ఈడీ50తో భాగించి, వచ్చిన నంబర్ రాసేసి పేజీ తిప్పేస్తారు. ఆ ఒక్క నంబర్ చూసి మందు సేఫ్ అనుకోవద్దు, ప్లీజ్.

ముందు ఈడీ50, అంటే సగం మందిలో పనిచేసే డోసు. ఒక్కో గ్రూపుకి ఒక్కో డోసు ఇచ్చి ఎంత శాతంలో పనిచేసిందో రాసుకుని, డోసుని లాగ్ స్కేల్ మీద పెట్టి గ్రాఫ్ గీస్తే ఎస్ ఆకారంలో గీత వస్తుంది, 50 శాతం దగ్గర నుంచి కిందకి దిగితే తగిలేదే ఈడీ50. విష లక్షణాలకీ ఇలాగే ఇంకో గీత గీస్తే టీడీ50 దొరుకుతుంది. జంతువుల్లో చావులు లెక్కేస్తే అది ఎల్‌డీ50, 1927లో ట్రెవాన్ తెచ్చిన పద్ధతి. రెండు గీతలూ ఒకే జంతువులో, ఒకే రూట్‌లో ఇచ్చినవై ఉండాలి, ఎలకకి ఇంజెక్షన్‌గా ఇచ్చినదాన్ని కుందేలుకి నోటితో ఇచ్చినదాంతో భాగిస్తే ఆ లెక్కకి అర్థం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఊరికే లెక్క కోసం రెండు మందులు అనుకుందాం, రెండిటికీ ఈడీ50 10 మిల్లీగ్రాములు, టీడీ50 100, అంటే ఇండెక్స్ రెండిటికీ 10. మొదటిదాని గీతలు నిటారుగా ఉన్నాయి, ఈడీ99 (99 శాతం మందిలో పనిచేసే డోసు) 20, టీడీ1 (ఒక్క శాతం మందిలో విష లక్షణాలు తెచ్చే డోసు) 60. రెండోదాని గీతలు వాలుగా సాగాయి, ఈడీ99 60, టీడీ1 40. టీడీ1ని ఈడీ99తో భాగించండి, మొదటిది 3, రెండోది 0.67, అంటే రెండోది దాదాపు అందరిలో పనిచేసే డోసుకి వెళ్ళేలోపే కొందరికి విషం ఎక్కడం మొదలైపోతుంది. అందుకే ఈ రెండో భాగహారం ఎప్పుడూ చెయ్యండి. కాకపోతే గీత చివర్లని నమ్మాలంటే డేటా బాగా ఎక్కువ కావాలి.

పేషెంట్ దగ్గర ఈ గ్రాఫులు ఉండవు, రక్తంలో లెవెల్ చూడాలి. మనవాళ్ళు నిమ్హాన్స్‌కి (బెంగళూరులోని మానసిక, నరాల జబ్బుల ఆసుపత్రి) వస్తుంటారు కదా, బైపోలార్ లాంటి మానసిక జబ్బులకి ఇచ్చే లిథియం సంగతి బాగా తెలుసుకోండి, మామూలుగా రక్తంలో లీటరుకి 0.6 నుంచి 1.2 మిల్లీమోల్స్ మధ్య ఉంచుతారు, 1.5 దాటితే విష లక్షణాలకి ఛాన్స్ ఎక్కువ. చివరి డోసు వేసుకున్న 12 గంటలకి శాంపిల్ తియ్యాలి, పొద్దున మాత్ర వేసుకుని వెంటనే రక్తం ఇస్తే లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. ఒళ్ళునొప్పులకి ఐబుప్రోఫెన్ వాడుతున్నారా, విరేచనాలు అయ్యాయా అని తప్పకుండా అడగండి, రెండిటివల్లా లిథియం పెరుగుతుంది. ఇంకోటి, లిథియం హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా వేసేది) ఉన్న ట్యూబ్‌లో మాత్రం తియ్యకండి, ట్యూబ్‌లో ఉన్న లిథియమే రిపోర్టులో కలిసి వస్తుంది.