డిగ్రీలో మొదలుపెట్టినా రోయింగ్ పోటీలకు వెళ్లొచ్చు

మాది కళింగపట్నం. తెడ్డు వేయడం చిన్నప్పటి నుంచీ చూసిందే. రేసు పడవ మాత్రం వేరు: వెనక్కి తిరిగి కూర్చోవాలి, సీటు పట్టాల మీద జారుతుంది. ఆలస్యమైందని టెన్షన్ పడకండి. దత్తు భోకనాల్ 2012లో సైన్యంలో చేరాకే ఈ ఆట నేర్చుకుని 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

ఈత రాకుండా పడవ ఎక్కొద్దు. ముందు జిమ్‌లో రోయింగ్ మెషీన్ పట్టండి. బలం చేతులదనుకుంటారు, నిజానికి కాళ్లదే. కాళ్లతో తన్నాలి, నడుం వెనక్కి వాలాలి, చివర్లో చేతులు పిడిని పక్కటెముకల దగ్గరికి లాగాలి. ముందుకొచ్చేటప్పుడు చేతులు, నడుం, ఆఖర్న మోకాళ్లు, అదీ తొందరపడకుండా. ఎక్కువ రోజులు నిమిషానికి 18-20 లాగుళ్లు చాలు. అప్పుడప్పుడు 2000 మీటర్లకు టైమ్ చూసి రాసుకోండి, రేసు దూరం అదే. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి హుస్సేన్‌సాగర్‌లో కోచ్ దగ్గర నీళ్ల మీద నేర్చుకోండి.